సంకల్పము – సహవాసము

త్రాగుడు చెడ్డదని త్రాగుబోతునకు తెలియదా? తెలియును, మనకంటె బాగుగా తెలియును. ఇల్లాలి పుస్తెలు కుదువబెట్టిన దినమున ఆతడు పడిన సిగ్గు మన యుపన్యాసములలో ఎక్కడను లేదు. అయినను మరునాటి సాయంకాలము ఆతని కాళ్లు దుకాణమువైపే నడచును. తెలిసియు మనుజుడేల చెడును? భగవద్గీత తృతీయాధ్యాయమున అర్జునుడు కృష్ణుని అడిగినదియు ఇట్టి ప్రశ్నయే. యవనదేశమున అరిస్టాటిలు తన నీతిశాస్త్రపు సప్తమభాగమున విచారించినదియు ఈ చిక్కునే.

మన సంఘము దీనికి రెండు సమాధానములు చెప్పుచు వచ్చినది. త్రాగుబోతు దుష్టుడు, కాబట్టి నిందింపుడనునది మొదటిది. దీనివలన బాగుపడినవానిని మేము చూడలేదు. నిందపడినవాడు ఆ నిందను మఱచుటకే మఱల త్రాగును. దుకాణమే మూలము, కాబట్టి మూయింపుడనునది రెండవది. ఇందు ఘనత కలదు. నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు రాత్రులు అక్షరాస్యతా తరగతులలో కూడి, తమ యిండ్ల కథలు ఒండొరులకు చెప్పుకొని, 1992లో సారాపై పోరు సాగించిరి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషిద్ధమయ్యెను. 1995 జనవరిలో మద్యనిషేధ మేర్పడెను. 1997లో అది సడలిపోయెను.

మా పర్ణశాలకు వచ్చు యాత్రికులు లక్ష్మణరేఖ కథ చెప్పుకొందురు. వాల్మీకి రామాయణమున ఆ రేఖ లేదు, తరువాతివారు కల్పించినది. అయినను ఆ కల్పనలో ఒక సత్యము కలదు. గీచినవాడు వెడలిపోయిన పిమ్మట గీతయు ఒంటరిది, దాని వెనుకనున్న ప్రాణియు ఒంటరిది. చట్టము గీచు గీతయు అట్టిదే.

మూడవ సమాధానము 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణమున పుట్టినది. బిల్ విల్సన్ అను వ్యాపారియు, బాబ్ స్మిత్ అను వైద్యుడును, త్రాగుడుచే చెడిన వారిద్దఱు కూర్చుండి తమ పాట్లు చెప్పుకొనిరి. అందుండి 'ఆల్కహాలిక్స్ అనానిమస్' ఏర్పడినది. 1957 నాటికి అది మన దేశమునకును వచ్చినది. దానికి చందా లేదు. త్రాగుడు మానవలెనను కోరిక యొక్కటియే అందు ప్రవేశార్హత.

త్రాగనివారినిగూడ రానిచ్చు బహిరంగసమావేశ మొకదానికి మేము పోయి చూచితిమి. ఒక గది, కొన్ని కుర్చీలు, తేనీరు. ఒక్కొకడు లేచి తన పేరు మాత్రము చెప్పి, తాను త్రాగుబోతునని ఒప్పుకొని, తన కథ చెప్పి కూర్చుండెను. ఎవరును ఖండింపలేదు, హితబోధ చేయలేదు. క్రొత్తగా వచ్చిన పడవవాడొకడు వెనుక కూర్చుండి, తాను ఏటేట శ్రీరామనవమికి ఒట్టు పెట్టుకొని తప్పుచుంటినని మెల్లగా చెప్పెను. విన్నవారిలో నవ్వినవాడు లేడు, ఏలయన వారందఱును అట్లే తప్పినవారు.

ఇది పాశ్చాత్యపద్ధతి యని కొందఱందురు. మన సంకల్పవిధినే తలచి చూడుడు. మనము దేశకాలములు, నామగోత్రములు పైకి చెప్పి, వినువారి యెదుట, ఆనాటి కర్మకు మాత్రమే సంకల్పింతుము. ఈ సమావేశమునను అంతే: సాక్షులు కలరు, సంకల్పము నేటిదినమునకే. జన్మాంతము త్రాగననుట కొండంత బరువు. నేడు త్రాగననుట మోయదగినది. భేద మొక్కటియే, ఇచట గోత్ర మడుగరు. కులము చెప్పక మనుష్యుడు మనుష్యుని యెదుట కూర్చుండు చోట్లు మన గ్రామములలో ఎన్ని కలవు?

అందుచేత మా సిద్ధాంత మిది. సంకల్పబలము ఒక్కనిలో పుట్టి ఒక్కనిలోనే నిలుచు సొత్తు కాదు. త్రాగుడు సహవాసమున అబ్బినట్లే, మానుటయు సహవాసమున అబ్బవలెను. అట్లయిన బాధ్యత పోవునా? పోదు. గడప దాటి ఆ గదిలోనికి పోవుట ఆతని పనియే. ఇతరు లెవరును ఆతనికై చేయజాలరు.

ఈ మన్యమున కోయలు ఇప్పసారాను వేల్పులకును పెద్దలకును అర్పింతురు. ఆ యాచారముపై తీర్పు చెప్ప మేము అర్హులము కాము. మేము చెప్పునది ఏ జాతివాడైనను మానదలచియు మానలేనివానిని గూర్చియే.

ఒక హెచ్చరిక. చాలకాలము మిక్కిలిగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో వణకు, మూర్ఛలు, మతిభ్రమ కలుగవచ్చును, ప్రాణహానియు కలుగవచ్చును. అట్టివానిని ముందు వైద్యునియొద్దకు కొనిపోవలెను. 14446 అను సంఖ్యకు ఉచితముగా ఫోనుచేసినచో ప్రభుత్వమువారి సహాయము దొరకును. కుటుంబములవారికి 1951లో అల్-ఆనాన్ అను వేఱొక సంఘ మేర్పడినది.

భద్రాచలమువరకు పోలేనివా డేమి చేయవలెనందురా? ఆక్రనులో ఆరంభించినవారు ఇద్దఱే. ఏ పల్లెనైనను మానగోరు వారిద్దఱు కూర్చుండుటకు బడిపంచ చాలును. విన్నదానిని బజారున చెప్పకుండుట మన వంతు. సంస్కారమనునది ఉపన్యాసమునకంటె ఈ మౌనమున ఎక్కువగా తెలియును. పొరుగింటివాడు వారమున కొకమాఱు ఎక్కడికో పోవుచున్నాడని మీకు తెలిసిన, ఎక్కడికని అడుగకుడు. ఆతని బిడ్డలు పలకలతో బడికి వచ్చుచున్నారా యని మాత్రము చూడుడు.