తాళ్ళు మార్చే వేళ

మా మరిదిగారబ్బాయికి హామ్ రేడియో పిచ్చి. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాడు కనక పిచ్చి అనకూడదేమో! పోయిన వేసవిలో మా డాబా మీద 30 అడుగుల గొట్టం ఏంటెన్నాగా నిలబెట్టి, మూడు వైపులా నైలాను తాళ్ళు లాగి కట్టాడు. బట్టలారేసుకోవడానికి భలే ఉన్నాయన్నాను. పరుగున వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"పాపం, దాన్నలా కట్టేశావేంరా?"

"కట్టెయ్యలేదు పెద్దమ్మా, నిలబెట్టాను."

ఈ రెండింటికీ తేడా ఏమిటా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తాడుకి తొయ్యడం చేతకాదు. లాగడం ఒక్కటే తెలుసు. ఒక్క తాడే ఉంటే గొట్టం అటే ఒరుగుతుంది. మూడు వైపుల నుంచీ లాగితే ఒకదాని లాగుడుకి మరొకటి సరిపోయి నిటారుగా నిలుస్తుంది. అలాగని మరీ బిగిస్తే ఆ బిగువంతా బరువై గొట్టం మీదే పడి, దాని నడుము వంగిపోతుందట. మనిళ్ళలో కోడళ్ళని చూడలేదూ? ఇక ఇనప తీగలు కడితే, ఏంటెన్నా పలకాల్సింది అవీ పలుకుతాయట! అందుకే వాటిని ముక్కలు చేసి, మధ్య మధ్య పింగాణీ గుళ్ళు బిగిస్తారు. నిలబెట్టాలిగాని దాని మాట తాము మాట్లాడకూడదన్న మాట. మా బంధువుల్లో ఇనప తీగలు చాలామందే ఉన్నారు, పేర్లెందుకు లెండి.

వాడే ఇంకో సంగతి చెప్పాడు. పోలెండులో కొన్‌స్తాంతినూఫ్ అనే చోట 1974లో పూర్తయిన రేడియో స్తంభం ఎత్తు 646 మీటర్లు. ఆనాటికి ప్రపంచంలో అంతకంటే ఎత్తయిన కట్టడం లేదు. 17 ఏళ్ళు గాలికీ మంచుకీ తట్టుకు నిలబడింది. 1991 ఆగస్టు 8న కూలిపోయింది. ఎప్పుడనుకున్నారు? పాత తీగలు తీసి కొత్తవి కడుతుండగా!

ఆ మాట వినగానే నా పెళ్ళయిన కొత్త గుర్తొచ్చింది. "నెల్లాళ్ళు ఫోను చెయ్యకు, నేనూ చెయ్యను. అక్కడ అలవాటు పడాలి" అంది అమ్మ. నా మంచికే అంది. పుట్టింటి తాడు విప్పేశారు. అత్తింట్లో ఇంకా ఎవరూ ఏ తాడూ కట్టలేదు, పుస్తెలతాడు తప్ప. ఆ నెల్లాళ్ళూ వంటింటి తలుపు చాటున నేనెంత ఊగిపోయానో అమ్మకి ఇప్పటికీ తెలియదు. కూలిపోలేదు, నిజమే. కూలిపోనంత మాత్రాన అమ్మ చేసింది ఒప్పయిపోతుందా? వదిలేస్తేనే నిలబడడం నేర్చుకుంటారనే వాళ్ళున్నారు. నేనూ నా నవలల్లో ఏ తాళ్ళూ లేకుండా నాయికలని నిలబెట్టాను. పాఠకులు మెచ్చుకున్నారు. కాగితం మీద గాలి వీచదు కదా!

మా అక్క కూతురికి కిందటి నెల పెళ్ళయింది. అక్క కూడా అచ్చం అమ్మ మాటే అంటోంది. "నువ్వూ ఫోను చెయ్యకే, దానికి బెంగ ఎక్కువవుతుంది" అని.

మొన్న డాబా మీద, ఎండకి పీచు లేచిన తాడొకటి మారుస్తున్నాడు కుర్రాడు. చూస్తూ నిలబడ్డాను. ముందు కొత్త తాడు కట్టాడు, బిగించాడు, ఊపి చూశాడు. అప్పుడు విప్పాడు పాతది. కాసేపు ఆ వైపు రెండు తాళ్ళున్నాయి.

కిందికొచ్చి అక్క కూతురికి ఫోను చేశాను. "పిన్నీ" అంది. తరవాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ పెట్టెయ్యలేదు.