కంగారూల వధ – ఒక ధర్మసందేహం

శీతకాలం వచ్చినదంటే మా గంగాలిన్ చుట్టూ ఉన్న గడ్డిభూముల ద్వారాల వద్ద హెచ్చరిక పలకలు వెలుస్తాయి. రాత్రివేళ ఎవరూ లోనికి పోరాదు. లోపల శిక్షణ పొందిన వేటగాండ్రు ప్రభుత్వ అనుమతితో కంగారూలను కాల్చుతారు. 2009 నుండి కాన్‌బెర్రాలో జరుగుతున్న కార్యమిది. అనేక సంవత్సరాలలో ఆ సంఖ్య వేయి దాటినది. (మన భాషలో కంగారు అనగా ఆందోళన, ఆ పలక చూచినప్పుడల్లా రెండర్థాలూ నా మనస్సులో ఒకటవుతాయి.)

ఆదివారం తెలుగు తరగతిలో ఒక బాలిక నన్నడిగినది: “గురువుగారూ, ప్రాణిహింస పాపమని మీరే చెప్పినారు కదా. ప్రభుత్వం చేస్తే పాపం కాదా?”

నలభై ఏండ్ల క్రిందట ఫిజీలో, గుడి తరగతిలో, నేనూ ఇటువంటి ప్రశ్నలే వేసేవాడిని. అప్పుడు నాకు లభించిన సమాధానం “పెద్దయిన తరువాత తెలియును” అని. పెద్దవాడినైనాను.

మొదట చట్టం సంగతి. ఇక్కడ కంగారూ రక్షిత ప్రాణి. 2014 నాటి ప్రకృతి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతిపత్రం లేకుండా దానిని చంపుట నేరం. అంతేకాదు, జంతువులకు సుఖదుఃఖాల అనుభూతి కలదని 2019లో తన జంతు సంక్షేమ చట్టంలో చేర్చుకొని, ఆస్ట్రేలియాలో ఆ పని చేసిన మొదటి ప్రాంతమైనది ఈ రాజధాని ప్రాంతమే. అదే ప్రభుత్వం ప్రతి శీతకాలమూ తుపాకులు పంపుచున్నది. జంతు విముక్తివాదులు 2013లోనూ 2014లోనూ ట్రిబ్యునల్‌కు వెళ్ళినారు. వధ ఆగలేదు.

ఇది కపటమా? నేనట్లు అనలేను. గంగెడెర్రా, ములంగారి, క్రేస్ గడ్డిభూములలో కాళ్ళు లేని బల్లి యొకటి జీవిస్తున్నది. చూచినవారు పామనుకొంటారు. గడ్డి కుదుళ్ళ మధ్యనే దాని సంసారం. కంగారూలు మితిమీరి గడ్డిని నేలమట్టంగా మేసినచో దానికి దాగుచోటు లేదు. బంగారు సూర్యచిమ్మటకూ ఇటువంటి పచ్చికయే ఆధారం. పూర్వం ఆగ్నేయ ఆస్ట్రేలియాలో విస్తారంగా ఉండిన ఈ సహజ పచ్చిక నేడు అత్యల్పంగా మిగిలి, తీవ్రంగా అంతరించే దశలో ఉన్నదని జాతీయ చట్టమే గుర్తించినది. కంగారూలు హెచ్చుటకు కారణమెవరు? గొర్రెల కొరకు డింగో కుక్కలను నిర్మూలించినవారు, పొలాలలో చెరువులు త్రవ్వినవారు. ఆ తరువాత వచ్చినవారం మనం. 1990 దశకం నుండి ఈ కొండల నడుమ ఇండ్లు లేచినవి, అందులో నాదొకటి. కంగారూలు సంచరించే దారికి అడ్డముగా నా ప్రహరీ ఉన్నది.

చెరకు తోటల సంతానమైన మనకు ఇది క్రొత్త కథ కాదు. గిర్మిట్ ఓడలు ఫిజీకి వచ్చుట 1879లో మొదలైనది. 1883లో ఆ చెరకు కొరకే, ఎలుకలను చంపుటకని, భారతదేశపు ముంగిసను కూడ తెచ్చినారు. ఎలుక రాత్రి తిరుగును, ముంగిస పగలు తిరుగును. ఈ మాట తోటల యజమానులకు ఎవరూ చెప్పలేదు కాబోలు. నేల మీద గూడు కట్టే పక్షులు దానికి ఆహారమైనవి. మా అమ్మమ్మ కోళ్ళ గూటికి రాళ్ళు పేర్చి కాపలా కాచేది. ముంగిసను తిట్టేది గాని, “పాపం, దానిని కూడ మనవలెనే ఓడలో తెచ్చినారు” అనేది.

అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడు మాంసం అమ్ముకొనేవాడు. తాను స్వయంగా చంపనని చెబుతూనే, నాగలి క్రింద ఎన్ని ప్రాణులు నశించునో చూడుమని కౌశికునితో అంటాడు. కృషి పుణ్యకార్యమని లోకం పొగడును, చాలులో చచ్చిన పురుగును లెక్కించదు. మనమూ తుపాకి పట్టలేదు. ఇల్లు కట్టుకొన్నాము, అంతే.

కర్నూలు జిల్లా ఎర్రగుడి శిలపై అశోకుని శాసనమున్నది. పూర్వం వంటశాలలో లక్షలాది ప్రాణులు చచ్చేవనీ, ఇప్పుడు రెండు నెమళ్ళు, ఒక జింక మాత్రమేననీ, అవికూడ ఇకమీదట ఉండవనీ అందు వ్రాయించినాడు. నాకు ఈ శాసనంలో నచ్చినది దయకంటె లెక్క. మిగిలిన మూడింటిని దాచలేదు. మాంసం తినుట మానెనని వ్రాయించుకొనవచ్చును, వ్రాయించుకొనలేదు.

స్వదేశంలో రైతు బాధ వేరు. వేరుశెనగ చేనిని ఒక్క రాత్రిలో అడవిపంది త్రవ్విపోయినచో, 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం అతనికి అనుమతి అనే దీర్ఘమార్గాన్ని చూపును. బీహారులో 2015 చివర నీల్గాయినీ అడవిపందినీ కొంతకాలం హానికర జంతువులుగా కేంద్రం ప్రకటించినది. అక్కడ ఆకలి ఉన్నది. ఇక్కడ మాకు ఆకలి లేదు. గనుక ఇక్కడి వధకు సమర్థన మరింత కఠినంగా ఉండవలెనని నా అభిప్రాయం. సంతానం కలుగకుండ టీకా బాణాలు వేసే పద్ధతిని ఇక్కడ ప్రయోగించుచున్నారు. అది నిదానమైనది, ఖర్చుతో కూడినది, ఉన్న మందను తగ్గించదు. అయినను పన్ను హెచ్చించియైనా దానిని విస్తరింపవలెనని నేనంటాను. వధను “నిర్వహణ” అను మెత్తని మాటతో పిలుచుట నాకు సమ్మతం కాదు.

ఆ బాలికకు ముంగిస కథ చెప్పినాను, కాళ్ళు లేని బల్లి బొమ్మ చూపినాను. ప్రభుత్వం చేసినా హింస హింసయే, అయినను నేను దానిని ఆపుమని అడుగుట లేదు, అన్నాను. ఆమె చాలాసేపు బల్లి బొమ్మను చూచినది. తల్లి కంగారూను కాల్చినప్పుడు సంచిలోని పిల్లను కూడ చంపవలెనని నియమావళిలో ఉన్నది. ఆ మాట నేను చెప్పలేదు, ఆమె అడుగలేదు. వచ్చే ఆదివారం అడుగవచ్చును.