జాకెట్టు గుడ్డకి చీర పట్టుకెళ్లినట్టు

ఒరేయ్ నాన్నా, ఎక్కడికా పరుగు? రంగు డబ్బా కొనడానికేనా? కాస్త ఆగు. సైకిలు గేటుకి గీరించిందని చెల్లెలి మీద కేకలేశావట, మీ అమ్మ చెప్పింది. గీత పడింది సైకిలుకి, అన్నం మానేసింది ఆ పిల్ల. ముందు దాన్ని ఎక్కించుకుని వీధి చివరిదాకా ఓసారి తిప్పుకురా. రంగు ఎక్కడికీ పోదు.

మా నాన్నగారికో నల్ల సైకిలుండేది. ఫ్రేము పొడుగునా చేత్తో గీసిన సన్నటి బంగారు గీతలు. నీ వయసులో దాన్ని కాలవగట్టు మీద పడేశాను. బారు మీద బొటనవేలంత రంగు లేచిపోయింది. ఆయన ఇంటికొచ్చేలోగా కనపడకుండా చెయ్యాలని, తలుపులకి వెయ్యగా మిగిలిన నల్ల ఎనామిల్ పూసేశాను. తుడవలేదు, రుద్దలేదు, పూసేశానంతే. వానాకాలం దాటేసరికి అక్కడ బొబ్బలా ఉబ్బింది. ఇనుము తుప్పు పడితే ఒళ్లు చేస్తుంది, పైనున్న రంగుని ఎత్తేస్తుంది. గోటితో తడితే పెంకులా ఊడింది. చివరికి సైకిలంతా గీకించి రంగు వేయించాల్సొచ్చింది. ఆ బంగారు గీతలు పోయాయి. నాన్నగారు ఒక్క మాట అనలేదు గానీ, నాకు ఇప్పటికీ ఆ గీతలే గుర్తొస్తాయి.

అందుకే అంటున్నా, రంగు కొనే ముందు గీతని చూడు. దాని మీదుగా గోరు పోనివ్వు. తగలకుండా జారిపోతే పైపొరే గీసుకున్నట్టు, కాస్త పాలిష్ పెడితే చాలు. గోరు తట్టుకుని లోపల లోహం మెరుస్తుంటే అయస్కాంతం పెట్టి చూడు. నీ ఫ్రేముకి అంటుకుంది, నేను చూశాను. స్టీలు. అల్యూమినియం అయితే ఎర్రతుప్పు భయం లేదు. స్టీలుని మాత్రం మన కాకినాడ ఉప్పుగాలి ఊరికే వదలదు.

ఇక రంగు. షాపుకెళ్లి 'నీలం ఇవ్వండి' అంటే ఏ నీలం ఇస్తాడురా? కంపెనీవాళ్ల అసలు రంగే తెప్పించావనుకో, అదీ కలవదు. మూడేళ్లుగా ఎండలో నిలబెట్టావు కదా! సీసా పెట్టుకునే స్టాండు విప్పి దాని కింద చూడు, కొన్ననాటి నీలం అక్కడ దాక్కుని ఉంటుంది. పక్కనున్నది ఎండ తిన్న నీలం. నువ్వు కలపాల్సింది ఆ ఎండ తిన్నదానితో.

మీ అమ్మ మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లేటప్పుడు చీర ఫొటో పట్టుకెళ్తుందా? చీరే పట్టుకెళ్తుంది. అక్కడ ట్యూబ్‌లైటు కింద సరిపోయిందన్నా నమ్మదు, గుమ్మం బయటికొచ్చి ఎండలో పట్టి చూస్తుంది. నువ్వు చాదస్తమంటావు. కానీ లైటు కింద కలిసిన రెండు రంగులు ఎండలో విడిపోవచ్చు, అది ఆవిడకి తెలుసు. నువ్వూ సైకిలే తీసుకెళ్లు. కార్లకి డెంటింగ్, పెయింటింగ్ చేసే షెడ్డులో అడిగితే ఓ చిన్న సీసాలో కలిపిస్తారు. తడి రంగు చూసి తొందరపడకు. రేకు ముక్క మీద వేయించి, ఆరాక ఎండలో పక్కపక్కన పెట్టి చూడు. గీత చిన్నదైతే గోళ్ల రంగు సీసాల్లో వెతికినా తప్పులేదు. తళుకు కలిసిన రంగైతే మాత్రం ఎంత వెతికినా కాస్త తేడా ఉండిపోతుంది, దానికి బాధపడకు.

వేసేటప్పుడూ తొందర వద్దు. ఆరువందల నంబరు వాటర్ పేపరుతో గీత వరకే రుద్దు, చుట్టూ ఉన్న మంచి రంగు జోలికి పోకు. స్పిరిట్‌తో తుడిచి, పల్చగా ప్రైమరు వెయ్యి. అది పూర్తిగా ఆరాకే రంగు. ఒక్కసారే మందంగా పూస్తే కారుతుంది. పల్చగా రెండు మూడు పూతలు, పూతకీ పూతకీ మధ్య ఓపిక. చూసి, ఆగి, అప్పుడు వెయ్యి.

ఇవాళ మబ్బు పట్టింది, ఈ పని పెట్టుకోకు. ప్రస్తుతానికి గీత మీద ఓ చుక్క మెషిన్ నూనె రాసి ఉంచు, తర్వాత స్పిరిట్‌తో తుడిచేద్దాం. ఆదివారం ఎండ కాస్తే పొద్దున్నే రా. సన్న బ్రష్ నా దగ్గరుంది. చెల్లెల్నీ తీసుకురా, ఇలాంటి పనికి దాని చెయ్యి కుదురు.