నేర్చిన చేతికి రావలసినది



పనివారికి పని నేర్పితే కర్మాగారము బాగుపడుతుందా? తప్పక బాగుపడుతుంది. 1956లో కోయంబత్తూరులో సిట్రా పరిశోధనా సంస్థ ఏర్పడిన నాటినుండి మన ప్రాంతపు మిల్లులకు ఇది తెలిసిన సంగతే. ఆ బాగు ఎవరికి చేరాలన్నదే ప్రశ్న.

బెంగుళూరు కుట్టు ఫ్యాక్టరీలలో కొందరు స్త్రీలకు నలుగురితో మాట్లాడడం, సమయం సర్దుకోవడం, చిక్కులు తీర్చుకోవడం నేర్పించారు. నేర్వని వారితో వారిని పోల్చి చూసిన ఆర్థికవేత్తలు 2018లో ఫలితాలు ప్రకటించారు. పని బాగా పెరిగింది. శిక్షణ ముగిసిన ఎనిమిది నెలలకే యజమానికి, పెట్టిన ఖర్చు పోను, దానికి రెండింతలకు పైగా మిగిలింది. జీతము పెరిగింది మాత్రం నూటికి అర రూపాయి!

మన సంగతి ఇంకా దగ్గరిది. మదురైకీ దిండిగల్లుకూ నడుమనున్న వాడిపట్టి వారికి స్పిన్నింగు మిల్లు కొత్త కాదు, ‘సుమంగళి’ అనే పేరూ కొత్త కాదు. తమిళనాడు మిల్లులు ఎన్నో ఏళ్లు ఆ పేరుతో ఆడపిల్లలను అప్రెంటీసులుగా చేర్చుకున్నవి. మూడేళ్లు హాస్టల్లో ఉండి పనిచేయాలి. ముగిశాక పెండ్లి ఖర్చుకని ముప్పై వేలో యాభై వేలో ఒకేసారి ఇస్తారు. మధ్యలో జబ్బుచేసి ఇల్లు చేరిన పిల్లకు ఆ సొమ్ము తరచు దక్కేది కాదు. రింగు ఫ్రేము దగ్గర తెగిన పోగు అతకడానికి మూడేళ్లు నేర్వాలా? కొన్ని నెలల్లో చేయి తిరుగుతుంది. తక్కిన కాలమంతా ‘నేర్చుకునే పిల్ల’ అన్న పేరు జీతము తగ్గించడానికే పనికివచ్చింది. 2008లో రాష్ట్ర ప్రభుత్వం మిల్లు అప్రెంటీసులకూ కనీస వేతనం నిర్ణయించవలసి వచ్చింది.

లాబాను ఇంట యాకోబును తలచుకోండి. అతడూ పెండ్లికోసమే ఏడేండ్లు కొలువు చేశాడు. గడువు తీరిన రాత్రి మోసపోయాడు. మామ మంద అతని చేతిలో విస్తరించింది, అతని జీతమో పదిమార్లు మారింది. లాబాను అన్నం పెట్టలేదని ఎవరూ అనరు. ద్వితీయోపదేశకాండము 24లో కూలివాని జీతానికి గడువు సూర్యాస్తమయం.

“నేర్పడానికి మాకు ఖర్చు కాదా? నేర్చి వేరే మిల్లుకు పోతే?” అని మిల్లు నడిపే సహోదరులు అనవచ్చు. న్యాయమైన మాటే. ఖర్చు రాబట్టుకోండి, తప్పులేదు. అయితే బెంగుళూరులో నేర్చినవారు తక్కినవారికంటె ఎక్కువగా మానిపోలేదు.

మన సంఘములలో సూపర్‌వైజర్లూ, ఆ పిల్లల తలిదండ్రులూ ఒకే ప్రభువు బల్లలో పాలుపొందుతున్నారు. పిల్లను చేర్చే రోజున తండ్రి అడగవలసినది, సూపర్‌వైజరు దాచకుండా చెప్పవలసినది ఒకటుంది: నేర్చుకోవడం ఏ నెలతో ముగుస్తుంది, ఆ మరుసటి నెలనుండి జీతమెంత? అది కాగితంమీద వ్రాయించుకోండి.