పైసలు పంపినం కదా

మా వరుస ఇళ్లల్లో ఏటా ఏప్రిల్‌లో ఒక శనివారం 'ఆర్బైడ్స్‌డే' ఉంటుంది. డేనిష్‌లో పనిరోజు అని అర్థం. అందరూ పారలు, కత్తెరలు పట్టుకొని బయటికొచ్చి కంచెమొక్కలు కత్తిరిస్తారు, పిల్లలు ఆడుకునే చోట ఇసుక మారుస్తారు, తర్వాత కలిసి కాఫీ తాగుతారు. రానివాళ్లు కొంత రుసుము కట్టాలి. 2019లో నేను మంచం దిగకుండానే మొబైల్‌పేలో ఆ రుసుము పంపేసి మళ్లీ దుప్పటి కప్పుకున్నాను. సాయంత్రం పక్కింటి పెద్దాయన తలుపు కొట్టాడు. కోపమేం లేదు. "డబ్బులు ముట్టాయి, కానీ ఇసుక ఎత్తేటప్పుడు ఒక మనిషి తక్కువయ్యాడు" అని చెప్పి వెళ్లిపోయాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. రూల్ మీరే పెట్టారు, రూల్ ప్రకారమే కట్టాను, ఇంకేం బాకీ?

మేముండేది బ్యెరింగ్‌బ్రో. గూడెనో నది ఒడ్డున ఏడువేల చిల్లర జనమున్న ఊరు. జమ్మికుంట అంటే పత్తి మార్కెట్ అన్నట్టు, ఈ ఊరంటే నీళ్ల పంపులు. 1945లో పౌల్ డూ యెన్సెన్ ఇక్కడ పెట్టిన చిన్న వర్క్‌షాపే గ్రుండ్‌ఫోస్ అయింది. 2018లో నా భార్య ఉద్యోగం కోసం వచ్చాం. నేను ఇంట్లో కూర్చుని కోపెన్‌హాగెన్ ఆఫీసుకు కోడ్ రాస్తాను. బయటి దేశాల నుంచి పిలిపించుకునే ఎక్కువ జీతాల వాళ్లకు డెన్మార్క్ ఒక వెసులుబాటు ఇస్తుంది. 84 నెలల పాటు మామూలు ఆదాయపన్నుకు బదులు 27 శాతం, దానికి ముందు కోసుకునే 8 శాతంతో కలిపి మొత్తం 32.84 శాతం. అంతే జీతం తీసుకునే డేనిష్ సహోద్యోగి ఇంతకంటే ఎక్కువే కడతాడు. మా ఇంట్లో ఆ వెసులుబాటు ఆమెకు ఉండేది. అంటే ఈ ఊరి బడి, ఆస్పత్రి, పొద్దున్నే మంచు తీసిన రోడ్డు మాకు తగ్గింపు ధరకే దొరికాయి. దాని మీద ఒక శనివారం కూడా కొనుక్కున్నాను.

ఎక్స్‌పాట్‌ల కబుర్లలో ఎప్పుడూ ఒకటే సాకు, 'యాంటె చట్టం'. ఆక్సెల్ సాండెమోసె 1933 నాటి నవలలో తను పుట్టిన నూకేబింగ్ మోర్స్‌ని యాంటె అనే ఊరుగా మార్చి, అక్కడి ఇరుకు మనసుల మీద రాసిన చట్టమది. ఆ పుస్తకం తెరవకుండానే 'వీళ్లు కొత్తవాళ్లను కలుపుకోరు' అనడానికి దాన్ని వాడేస్తాం. నేనూ వాడాను. తీరా చూస్తే నన్ను రమ్మని పిలిచిన ఒక్క శనివారం నేనే పోలేదు.

ఆ ఏడు చలికాలంలో జమ్మికుంటలో పెద్దనాన్న పోయాడు. ఆయన కొడుకు, మా అన్న, అప్పుడు సౌదీలో ఉన్నాడు. మా కరీంనగర్ వైపు ఇల్లిల్లూ ఎరిగిన కథే: అప్పట్లో యజమాని ఒప్పుకుంటే తప్ప ఆ దేశం దాటే వీసా వచ్చేది కాదు. ఆయన ఒప్పుకోలేదు. నా పాస్‌పోర్టు మాత్రం నా అలమారాలోనే ఉంది. సెలవుంది, టికెట్‌కి డబ్బుంది. రిలీజ్ దగ్గరపడిందని ఆగిపోయాను. ఖర్చులకని అన్న కన్నా ఎక్కువే పంపాను. తర్వాత ఫోన్ చేస్తే పెద్దమ్మ ఇద్దరినీ ఒకే గాటన కట్టేసింది. "ఇద్దరు కొడుకులు పైసలు పంపిండ్రు బిడ్డా, మనుషులైతే రాలే."

లోకం నన్ను ఎక్స్‌పాట్ అంటుంది, అన్నను వలసకూలీ అంటుంది. పెద్దమ్మ వాకిట్లో ఆ తేడా చెల్లలేదు. అసలు తేడా వేరే ఉంది, అది నాకు అనుకూలంగా లేదు: అన్న రాలేకపోయాడు, నేను రాలేదు.

అలాగని 'మనిషే రావాలి' అనే మాటని ఊరి మంచితనమని మెచ్చుకోవడం కూడా నాకు చేతకాదు. ఇదే నేల మీద వెట్టి నడిచింది. నిజాం కాలంలో దొర గడీ నుంచి కబురొస్తే మనిషే పోవాలి, పైసల ఊసే లేదు. చావింటి ముందు డప్పు ఎవరు కొట్టాలో, గుంత ఎవరు తవ్వాలో కులం ముందే రాసిపెట్టింది. అలాంటి చోట 'పైసలిస్తేనే వస్తా' అనగలగడం ఎంత పెద్ద విడుదలో వాళ్ల మనవల్ని అడగాలి. డెన్మార్క్ సంక్షేమం కూడా ఒకరకంగా ఆ దారే. లేవలేని ముసలమ్మకు స్నానం చేయించాలంటే కోడలి దయ అక్కర్లేదు, మున్సిపాలిటీ జీతమిచ్చి మనిషిని పంపుతుంది. దయను పన్నుగా మార్చడం తక్కువ సంగతేం కాదు, ఊళ్లో ఒంటరిగా ఉన్న పెద్దమ్మను తలుచుకుంటే మరీను.

కానీ ఆ శనివారం నేనెవరి వెట్టి నుంచి తప్పించుకున్నాను? నా మీద దొరా లేడు, కులం ఒత్తిడీ లేదు. పక్కింటాయనకు డెబ్బై దాటాయి. నేను కట్టిన రుసుము సంఘం ఖాతాలోకి పోయింది, నా వాటా ఇసుక మాత్రం ఆయన నడుము మీద పడింది.

2025లో మా 84 నెలలు నిండాయి. తెలిసిన రెండు కుటుంబాలు ఎనభై ఐదో నెలకల్లా వేరే దేశం చూసుకున్నాయి. వాళ్లని తప్పుపట్టను, మేమూ రాత్రిళ్లు ఎక్సెల్ షీట్ ముందేసుకొని కూర్చున్నవాళ్లమే. ప్రస్తుతానికి ఉన్నాం. ఏప్రిల్‌లో పార పట్టుకొని పోతున్నాను. నేను పార పట్టే తీరు చూసి ఇప్పటికీ నవ్వుతారు.

మొన్న సెలవుల్లో జమ్మికుంట పోయినప్పుడు మా వాడకట్టులో ఒకాయన చనిపోయాడు. పాడె పడదామని ముందుకు పోయాను. సౌదీ నుంచి వచ్చేసి ఇప్పుడు ట్రాక్టర్ నడుపుకుంటున్న అన్న నా భుజం పట్టి ఆపాడు. "ఆగు తమ్మీ, నీకు అలవాటు లేదు. మలుపు కాడ ఆగమైతవ్." అని, మంచినీళ్ల బాటిళ్ల సంచి ఒకటి నా చేతికిచ్చాడు.

శ్మశానం దాకా అది మోసుకుంటూ వెనకాల నడిచాను.