సరిహద్దు లోయలో సార్వభౌమత్వం

పిరెనీస్ కొండల నడుమ ఉన్న సెర్దాన్యా లోయ 1659 నాటి సంధి పుణ్యమా అని రెండు రాజ్యాల పాలైంది. ఉత్తర భాగం ఫ్రాన్స్‌కు, దక్షిణం స్పెయిన్‌కు చెందాయి. ఫ్రెంచి వైపు జనం పెద్దాసుపత్రికి వెళ్లాలంటే కొండదారిలో సుమారు వంద కిలోమీటర్లు ప్రయాణించి పెర్పిన్యా చేరాల్సి వచ్చేది. 2014లో స్పెయిన్ వైపున్న పుయిగ్‌సెర్దా పట్టణంలో ఇరువైపుల వారికీ ఉమ్మడి ఆసుపత్రి తెరిచారు.

దూరం తగ్గింది, చిక్కులు తీరలేదు. అక్కడ కాన్పయిన ఫ్రెంచి తల్లి బిడ్డ చట్టం దృష్టిలో పరదేశంలో పుట్టినట్టే. ఫ్రెంచి రోగి అక్కడ కన్నుమూస్తే శవాన్ని పక్క ఊరికి తీసుకెళ్లడానికి కూడా దేశం దాటించే లాంఛనాలు తప్పేవి కావు. ఇందులో అన్యాయమైన చట్టం ఏదీ లేదు. ఎవరి చట్టం వారికి సబబైనదే. రెండూ కలిసేచోట మాత్రం మనిషి ఇరుక్కుంటాడు. తప్పు ఎవరిదీ కానప్పుడు దాన్ని సరిదిద్దే బాధ్యత ఎవరిది?

సార్వభౌమాధికారం అవిభాజ్యమని 1576లో ఫ్రెంచి తాత్వికుడు ఝాఁ బొదాఁ వాదించాడు. ఆ లెక్కన పొరుగు రాజ్యపు నియమం తన నేలమీద చెల్లితే రాజ్యానికి లోటే. జర్మన్ తాత్వికుడు కాంట్ 1795లో పరదేశిని శత్రువుగా చూడకూడదన్నాడు గానీ, అతనికి దక్కేది వచ్చి వెళ్లే హక్కే. రోజూ గీత దాటి వైద్యానికో పనికో వచ్చే పొరుగువాడు పరదేశీ కాడు, పౌరుడూ కాడు. ఇద్దరి సిద్ధాంతాల్లోనూ అతనికి సరైన చోటు లేదు.

ఉమ్మడి పనికి అవసరమైనచోట ఒక దేశపు నియమం పక్క దేశంలోనూ వర్తించేలా 2018లో ఐరోపా సమాఖ్య కమిషన్ ఒక ప్రతిపాదన చేసింది. సభ్యదేశాల మండలిలో అది ముందుకు సాగలేదు. తాము ఎన్నుకోని శాసనసభ చేసిన చట్టానికి ప్రజలు ఎందుకు లోబడాలన్న అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. అయితే తన శాసనసభ ద్వారానే, ఒక్క పనికి, వెనక్కి తీసుకోగల షరతుతో పొరుగు నియమాన్ని ఒప్పుకున్న రాజ్యం తన అధికారాన్ని వాడుకున్నట్టే, వదులుకున్నట్టు కాదు. బొదాఁ వాదం ఇక్కడ నిలవదు.

2025లో ఐరోపా సమాఖ్య తెచ్చిన నిబంధన 2018 ప్రతిపాదన అంత దూరం పోలేదు. సరిహద్దు అడ్డంకులపై వచ్చే అర్జీలను పరిశీలించి, అర్జీదారుకు జవాబివ్వడానికి సమన్వయ కేంద్రాలు పెట్టుకునే వీలు కల్పించింది. చట్టం మార్చాలా వద్దా అన్న నిర్ణయం రాజ్యానిదే. జవాబు పొందడం పొరుగువాడి కనీస హక్కు అనుకుంటే ఇది సరైన మొదటి అడుగే. కాకపోతే అసలు కేంద్రం పెట్టాలా వద్దా అన్నది కూడా ఆయా దేశాల ఇష్టానికే వదిలేశారు. ఆ నిబంధనలోని పెద్ద లోపం అదే.