పరదేశపు బడిలో మన బిడ్డ

వలస పోవు నిర్ణయమును పెద్దలు చేయుదురు. దాని బరువును మొదటి దినమున బడిమెట్లపై మోయువాడు మాత్రము బిడ్డ. ఉద్యోగపు కాగితములు వచ్చిన నాడు బంధువులకు ఫోనులు పోవును, మిఠాయిలు పంచుదురు, పెట్టెల తూకము చూతురు; నీకిది ఇష్టమేనా అని ఆ బిడ్డను అడుగువారుండరు. అడిగినను నిర్ణయము మారదు, నిజమే. కాని ఎవరి మాటను అడుగలేదో వానినే, రాబోవు కష్టమును నవ్వుచు భరింపుమని శాసించుటకు పెద్దలకు ఎంతవరకు హక్కు కలదు? ఇది ఆలోచింపదగిన ధర్మప్రశ్న.

కృష్ణా డెల్టాకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1855లో విజయవాడ ఆనకట్ట పూర్తియై కాలువలు పారిన పిదప ఈ నేలపై పండిన ధాన్యమే క్రమముగా పిల్లల చదువులుగా మారినది. గుంటూరు వైద్య కళాశాల 1946లోను, విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాల 1980లోను వెలసినవి. 1965లో అమెరికా తన వలస చట్టమును మార్చుకొనగా మొదట వైద్యులు, ఇంజనీర్లు వెళ్ళిరి. 1990ల నుండి కంప్యూటరు ఉద్యోగులు వెళ్ళిరి. ఉత్తర అమెరికా తెలుగువారి తొలి మహాసభ 1977లో న్యూయార్కులో జరుగునాటికే అక్కడి బడులలో మన పిల్లలుండిరి. నేడు ఉయ్యూరు, కంకిపాడు, గుడివాడ, తెనాలి ప్రాంతములలో విదేశమున మనుమడో మనుమరాలో లేని వీధి అరుదు. ఇన్ని దశాబ్దముల అనుభవమున్నను, బయలుదేరు కుటుంబమునకు పెద్దలు చెప్పు సలహా తరచుగా ఒక్కటే: “పిల్లలకేమి, వారే సర్దుకొందురు.” ఇది సగము నిజము. సర్దుకొనుట పిల్లలకు చేతనగును. కాని దానికి వారు చెల్లించు మూల్యమును చూచువారు లేకపోయినప్పుడు ఆ మూల్యము పెరుగును.

విజయవాడలోని ఆంగ్ల మాధ్యమపు బడిలో మొదటి మూడు స్థానములలో నిలిచిన ఎనిమిదేండ్ల బాలుని ఊహింపుడు. వానికి ఆంగ్లము వచ్చును. అయినను క్రొత్త తరగతిలో తొలి వారము వానికి ఏమియు తెలియనట్లే యుండును. రబ్బరు అడిగినచో తోటివారు తెల్లబోవుదురు. అక్కడ దాని పేరు ఎరేజరు. చివరి అక్షరమును జెడ్ అన్నచో నవ్వుదురు. అక్కడ అది జీ. లక్షను సున్నలతో వ్రాసి కామా పెట్టిన చోటు తప్పందురు. తేదీలో నెల ముందు, దినము వెనుక. ఉపాధ్యాయురాలు గదిలోనికి రాగానే వీడొక్కడే లేచి నిలుచును. పెద్దలు మందలించునప్పుడు తల వంచుట వినయమని ఇక్కడ నేర్పితిమి. కన్నులలోనికి చూడనివాడు దాచుచున్నాడని అక్కడ తలతురు. ఔనని మనము తల అటునిటు ఊపు తీరు వారికి కాదనుటగా కనబడును. నిన్నటివరకు తెలివిగలవాడనిపించుకొన్న బాలుడు ఏ తప్పును చేయకయే నేడు తెలివి తక్కువవాడైనాడు. పెద్దవారిలో ఎవరికైనను ఇట్టి అవమానము ఒక్క దినమున జరిగినచో దానిని యేండ్ల తరబడి చెప్పుకొందురు.

అందుచేత బాలుడు మౌనము దాల్చును. ఈ మౌనమును చూచి తల్లిదండ్రులు రెండు విధముల తొందరపడుదురు. కొందరు బిడ్డకేదో లోపమున్నదని భయపడుదురు. మరికొందరు ఇంటిలో తెలుగు మాని, రాని ఆంగ్లములోనే మాటలాడుట మొదలిడుదురు. కెనడా విద్యావేత్త జిమ్ కమిన్స్ 1979లో ఒక భేదమును స్పష్టము చేసెను. ఆటస్థలములో మాటలాడుకొను భాష వేరు, పాఠములోని భాష వేరు. మొదటిది సుమారు రెండేండ్లలో పట్టుబడును. రెండవదానిలో తోటివారిని అందుకొనుటకు ఐదు నుండి ఏడేండ్లు పట్టవచ్చును. తల్లిభాషలో గట్టిపడిన భావము రెండవ భాషలోనికి దానంతట అది వచ్చునని కూడ ఆయన చెప్పెను. కావున ఆరు నెలలలో బిడ్డ అక్కడి యాసతో గలగల మాటలాడుట చూచి పని పూర్తియైనదనుకొనుట ఎంత పొరపాటో, మూడు వారములు మాటలాడలేదని కంగారుపడుట అంత పొరపాటు. ఇంటిలో తెలుగు మానుట ఈ రెంటికంటె పెద్ద పొరపాటు. దినమంతయు పరాయి మాటలలో తడబడి ఇంటికి వచ్చిన బిడ్డకు తడబడక మాటలాడదగిన చోటు ఒక్కటైనను మిగులవలెను గదా!

మన తల్లిదండ్రులకు తెలియని సంగతి మరియొకటి కలదు. ఇక్కడ వేలకు వేలు రుసుము కట్టి చదివించినవారికి అక్కడి ప్రభుత్వ పాఠశాల ఉచితముగా చేర్చుకొనుట దానమువలె తోచును. దానమును పుచ్చుకొన్నవాడు ప్రశ్నింపడు. కాని అది దానము కాదు. శాన్ ఫ్రాన్సిస్కోలోని చైనీయ విద్యార్థుల పక్షమున వచ్చిన వ్యాజ్యములో, ఆంగ్లము రాని బిడ్డకు అందరితోపాటు అదే పుస్తకమును, అదే బల్లను ఇచ్చినంత మాత్రమున సమానత్వము కలుగదని అమెరికా సర్వోన్నత న్యాయస్థానము 1974లో తీర్పు చెప్పినది. టెక్సాసు రాష్ట్రపు వ్యాజ్యములో, తల్లిదండ్రుల వలస పత్రములు సరిగా లేవను కారణమున బిడ్డలకు ఉచిత విద్యను నిరాకరింపరాదని 1982లో చెప్పినది. కావున భాషలో ప్రత్యేక సహాయమును కోరుట యాచన కాదు. తల్లికి ఆంగ్లము చాలనప్పుడు బడివారితో మాటలాడుటకు దుబాసీని అడుగుట కూడ యాచన కాదు. దానికి మారుగా బిడ్డనే దుబాసీగా కూర్చుండబెట్టి, వాని తప్పులను గూర్చి ఉపాధ్యాయురాలు చెప్పు మాటలను వానిచేతనే తెలుగు చేయించుట న్యాయమునకు దూరము. ఆ వయస్సున బిడ్డ తల్లిదండ్రులకు పెద్దదిక్కు కారాదు.

తరగతి విషయము. అక్కడ వయస్సును బట్టి తరగతి నిర్ణయింతురు. విద్యా సంవత్సరము మనవలె జూన్‌లో కాక ఆగస్టులోనో సెప్టెంబరులోనో మొదలగును. ఇక్కడ మూడవ తరగతి సగము చదివినవాడు అక్కడ రెండవ తరగతిలో పడినచో ఇంటిలో శోకము పుట్టును. ఆ శోకము బిడ్డది కాదు, బంధువులకు జవాబు చెప్పవలసిన పెద్దలది. తెలిసిన లెక్కలు మరల చేయుట తొలి సంవత్సరమున బిడ్డకు దొరకిన ఊతకఱ్ఱ. దానిని లాగివేయుటకు ప్రధానోపాధ్యాయునితో వాదమునకు దిగుట దేనికి?

ఇక అసలు చిక్కు. బిడ్డ ఒక రాత్రి, ఇక్కడ ఉండను, తాతయ్య దగ్గరకు పోదమని యేడ్చును. అప్పుడు పెద్దల నోట వెలువడు వాక్యము అందరికిని తెలిసినదే: “ఇదంతయు నీ కొరకే గదా!” ఈ మాట ఎంతవరకు సత్యము? జీతము, ఇల్లు కట్టిన అప్పు, తోటివారు వెళ్ళిరను ఆరాటము, వృత్తిలో ఎదుగుదల, వీటితోపాటు బిడ్డ భవిష్యత్తు కూడ ఒక కారణము. అన్నిటిని దాచి చివరిదానినొక్కటే చెప్పినచో అడుగని అప్పును బిడ్డ తలపై మోపినట్లగును. వాడు ఏడ్చుటకు కూడ అర్హత కోల్పోవును. తన కొరకు ఇంత చేసినవారి యెదుట దుఃఖించువాడు కృతఘ్నుడు గదా! అటుపిమ్మట వాడు బడిలో జరిగినవి చెప్పుట మానును. బస్సులో ఎవరో ఎగతాళి చేసినను “బాగున్నది” అనును. ఆ జవాబుతో తల్లిదండ్రులు తృప్తిపడుదురు. “మేము మా పనికై వచ్చితిమి, నిన్ను విడిచి ఉండలేక తెచ్చితిమి, నీకు కష్టముగా ఉన్నదని మాకు తెలియును” అని చెప్పుటకు ఎక్కువ పాండిత్యము అక్కరలేదు. చెప్పుటకు మాత్రము మనస్సు రాదు.

దీనికి తోబుట్టువైన అసత్యము “రెండేండ్లే” అనునది. రెండేండ్లలో తిరిగి పోవుదుమని నమ్మిన బిడ్డ స్నేహము చేయడు. రైలు వచ్చువరకు వేచియుండువాడు పక్కవాని పేరు అడుగనట్లు. మరికొందరు దీనికి విరుద్ధముగా, ఇక ఇదే మన దేశమని మొదటినాడే ప్రకటింతురు. తాత్కాలికోద్యోగపు వీసాపై వెళ్ళినవారి పిల్లలు ఇరువదియొకటవ యేట ఆ ఆశ్రితస్థితిని కోల్పోవుదురు. శాశ్వత నివాసపు పత్రము కొరకు భారతీయులు నిలిచిన వరుస మిక్కిలి పొడవు. ఇది తెలిసియు చేసిన వాగ్దానము కూడ అసత్యమే. ఎంతకాలమో తెలియదు, తెలిసిననాడు నీకు ముందుగా చెప్పుదుమనుట ఒక్కటే నిజము. పిల్లలు అనిశ్చయమును పెద్దలనుకొనుదానికంటె బాగుగా సహింతురు.

బసవేశ్వరుడును బాల్యముననే ఇల్లు విడిచినవాడు. ఉపనయనమును నిరాకరించి బాగేవాడి విడిచి కూడలసంగమమునకు పోయెను. మలప్రభ కృష్ణలో కలియు చోటది. ఆ నీరే విజయవాడ బ్యారేజీని చేరును. కాని ఈ కథను మన పిల్లలకు ఆదర్శముగా చెప్పునప్పుడు ఒక భేదమును మరువరాదు. ఆయన తన ఇచ్చతో వెళ్ళెను. అక్క నాగమ్మ ప్రేమ ఆయనకు తోడుగ నుండెనని సంప్రదాయము. మన బిడ్డ తన ఇచ్చతో వెళ్ళలేదు. తోడు ఉన్నదో లేదో మనము చూచుకొనవలెను.

కళ్యాణములో అనుభవమంటపమునకు వచ్చిన అక్కమహాదేవిని అల్లమప్రభువు కఠినమైన ప్రశ్నలతో పరీక్షించెనని శూన్యసంపాదన గ్రంథము చెప్పును. ఆమె జవాబులు చెప్పి నిలిచెను. క్రొత్త బడిలో మన బిడ్డను కూడ ప్రశ్నింతురు: నుదుట ఆ బూడిద యేమి, మెడలో ఆ పెట్టె యేమి, నీవు మాంసమేల తినవు? ఏడేండ్ల బిడ్డ అక్కమహాదేవి కాదు. స్వమతచిహ్నమును ధరించుటకు అక్కడి ప్రభుత్వ పాఠశాలలలో రాజ్యాంగ రక్షణ కలదు. ఈతకును వ్యాయామమునకును ఇష్టలింగమునేమి చేయవలెనో తల్లి ముందుగా ఉపాధ్యాయురాలికి ఒక చీటి వ్రాసినచో సగము సంకటము తీరును. మిగిలిన సగమునకు బిడ్డ చెప్పదగిన చిన్న జవాబు ఒకటి ఇంటిలోనే నేర్పవలెను. అయినను ఒక ఉదయము బిడ్డ విభూతిని తుడుచుకొని బస్సు ఎక్కినచో గద్దింపరాదు. మఠములలోని పెద్దలు కొందరు దీనికి సమ్మతింపకపోవచ్చును. కాని కార్యాలయమునకు పోవునప్పుడు తన నుదుటిని తానే తుడుచుకొను తండ్రి, ఆ ధైర్యమును ఏడేండ్లవానినుండి ఆశించుట ఏ ఆచారము? పూజ ఇంటిలో నిత్యము జరుగుచున్నచో, పెద్దలు దానిని గూర్చి సిగ్గుపడకున్నచో, బిడ్డ తన సమయమున తానే తిరిగి వచ్చును.

భోజనపు డబ్బా సంగతియు ఇంతియే. ఆవకాయ వాసనను సమర్థించు పని ఆరేండ్ల బిడ్డది కాదు. కొన్నాళ్ళు రొట్టె ముక్కలు అడిగినచో ఈయవచ్చును. పేరు విషయమున మాత్రము తొందర కూడదు. బసవేశ్వరరావును “బాబ్” అని పిలువుడని తల్లిదండ్రులే ముందుగా సమర్పించుకొందురు. అక్షరములు విడదీసి రెండుమార్లు పలికి చూపినచో నేర్చుకొను ఉపాధ్యాయులు అక్కడను కలరు. కుదించుకొనవలెనని బిడ్డయే కోరినచో అది వాని ఇష్టము.

చేయదగినవి చిన్నచిన్న పనులు. బడి తెరవకమునుపే ఆ దారిని బిడ్డతో నడచి చూచుట. బస్సు సంఖ్యను, అలమర తాళపు అంకెలను కంఠస్థము చేయించుట. తరగతిలో ఒక్క బిడ్డనైనను ఇంటికి పిలుచుట. ఒక్క స్నేహితుడు చాలును. అక్కడ పిల్లలు వీధిలో తామై కలియరు, పెద్దలు మాటలాడుకొని కలుపవలెను. ఈ సంగతి తెలియక మన పిల్లలు మొదటి శీతకాలమంతయు కిటికీకి అంటుకొని గడుపుదురు. సిలికానాంధ్రవారు 2007 నుండి నడుపుచున్న మనబడి వంటి వారాంతపు తెలుగు తరగతులు మంచివే. మొదటి కొన్ని నెలలు వాటిని కూడ మోపక, బిడ్డ ఊపిరి పీల్చుకొన్న పిదప చేర్పించుట మేలు. అప్పుడవి పాఠముకంటె ఎక్కువగా ఉపయోగపడును: ఇంటిలో ఒక మాట, బడిలో ఒక మాట కలవారు తనవంటివారు ఇంకను ఉన్నారని బిడ్డకు అక్కడ తెలియును.

ఇంతవరకు చెప్పినది మన బిడ్డ పరుల బడిలో. పరుల బిడ్డ మన బడిలో ఉన్నప్పుడో? దీపావళి దాటిన పిమ్మట ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుండి కుటుంబములు ఏటేటా ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని ఇటుక బట్టీలకు వచ్చుచున్నవి. వేసవి చివరకు తిరిగి పోవుచున్నవి. అనగా విద్యా సంవత్సరపు నట్టనడుమ వారి పిల్లలు ఒక భాష విడిచి మరియొక భాషలో పడుచున్నారు. 2009 నాటి విద్యాహక్కు చట్టపు నాలుగవ విభాగము, బడి మానిన బిడ్డను వయస్సుకు తగిన తరగతిలో చేర్చుకొని, తోటివారిని అందుకొనుటకు ప్రత్యేక శిక్షణ నీయవలెనని విధించినది. చట్టములో అమెరికా తీర్పుకును దీనికిని పెద్ద దూరము లేదు. విదేశపు ఉపాధ్యాయురాలు మనుమని పేరును తప్పు పలికెనని ఫోనులో నొచ్చుకొను తాతగారి వీధిలోనే ఆ బడి ఉండవచ్చును. అక్కడ వెనుక వరుసలో మౌనముగా కూర్చుండిన ఒడియా బాలికను, నీ పేరు ఎట్లు పలుకవలెనమ్మా అని అడుగు ఉపాధ్యాయులు కలరు. ఏప్రిల్ దాటినచో వెళ్ళిపోవునదే గదా అని హాజరు పట్టీలో పేరు వ్రాయనివారును కలరు.